సంగీతానికీ బిట్ బ్యాంకేనా?

సంగీతం నేర్చుకోవడానికి చెవులతో పనిలేదనీ, పదిలోపు అంకెలు వస్తే చాలుననీ ఈమధ్య మా గోదావరిఖనిలో కనిపెట్టారు. మా వూళ్ళోనే కాదు లెండి, అన్ని వూళ్ళలోనూ కనిపెట్టే వుంటారు. కాని నేనుండేది బొగ్గుబాయిల వూళ్ళో గనక నాకు తెలిసిన వూరి సంగతే చెబుతాను.

యూకులేలే అని ఒక బుల్లి వాద్యం వుంది. గిటారుకు మనవరాలిలా వుంటుంది. నాలుగే నాలుగు తీగలు. అవీ నైలానువి గనక పిల్లల వేళ్ళు కోసుకుపోవు. రెండు మూడు వేల రూపాయలు పారేస్తే అట్టపెట్టెలో ఇంటికే వచ్చి పడుతుంది. వీణ కొనలేని ఇళ్ళలోకీ, హార్మోనియం పెట్టుకోవడానికి చోటు లేని రెండు గదుల క్వార్టర్లలోకీ అది ఇట్టే దూరిపోయింది. సాయంత్రం పూట మా కాలనీలో నడుస్తుంటే మూడిళ్ళకొకటి టింగుటింగుమంటూ వుంటుంది. వినడానికి హాయిగానే వుంటుంది. ఆ వాద్యం మీద నాకు వీసమెత్తు కోపం లేదు. కోపమల్లా దాన్ని నేర్పే తీరు మీద.

ఆ తీరేమిటంటే, "నెలరోజుల్లో నాలుగు పాటలు". అలాగని బోర్డు కట్టి మరీ చెబుతున్నారు. పిల్ల చేతికి ఒక కాగితం ఇస్తారు, లేదా తల్లి ఫోనుకు పంపిస్తారు. ఆ కాగితం మీద నాలుగు గీతలు, గీతల మీద అంకెలు. మూడో అంకె వున్నచోట మూడో మెట్టు నొక్కాలి, సున్నా వున్నచోట వేలు తీసెయ్యాలి. పిల్ల టైపు మిషను కొట్టినట్టు కొట్టుకుంటూ పోతుంది. పాట వచ్చేస్తుంది! తల్లి వీడియో తీస్తుంది, బంధువులందరికీ పంపుతుంది, ఆరోజుకి బొటనవేళ్ళ బొమ్మలు వరసకట్టి వస్తాయి.

మా పక్కింటి పిల్ల ఏడో తరగతి. అలా నాలుగు పాటలు పూర్తి చేసింది. "ఇందులో 'స' ఎక్కడుందమ్మా?" అని అడిగాను. కళ్ళు గుండ్రంగా తిప్పి, "అది మా సిలబస్‌లో లేదాంటీ" అంది.

పిల్లనేమీ అనడానికి లేదు. మన చదువులన్నీ ఇలాగే తగలడ్డాయి గదా! పాఠం చదవక్కర్లేదు, బిట్ బ్యాంకు బట్టీపడితే చాలు. రెండో ప్రశ్నకు 'సి', మూడో ప్రశ్నకు 'ఎ'. ప్రశ్న అటుదిటు చేసి అడిగితే నోరు వెళ్ళబెట్టాలి. అయినా పరీక్షకు ఆ పద్ధతి ఎందుకొచ్చిందో అర్థం చేసుకోగలను, అక్కడ ఉద్యోగం ముడిపడి వుంది. ఏ ఉద్యోగమూ, ఏ ర్యాంకూ ముడిపడని పాటక్కూడా బిట్ బ్యాంకు దేనికండీ? పిల్లలకు మనం మిగిల్చిన ఒక్క ఆటస్థలంలో కూడా కోచింగ్ సెంటరు కట్టాలా?

పోనీ వాళ్ళు దాటవేస్తున్న ఆ మేజర్ స్కేలు ఏమన్నా బ్రహ్మవిద్యా అంటే, సుతరామూ కాదు. వాద్యాన్ని గుండెకు ఆనించి పట్టుకుంటే గడ్డం వైపున్నది మొదటి తీగ అనుకోండి. (మాస్టర్లు నేలవైపు నుంచి లెక్కపెడతారు, మనకా గొడవొద్దు.) ఆ మొదటి తీగ ఒక తమాషా. అన్నిటికన్నా పైనుంది గనక మంద్రంగా మోగుతుందనుకుంటాం, తీరా చూస్తే పక్కనున్న రెండిటికన్నా హెచ్చుగా పలుకుతుంది. కాసేపు దాని జోలికి పోవద్దు. రెండో తీగను ఉత్తగా మీటితే 'స'. అదే తీగమీద రెండో మెట్టు నొక్కితే 'రి'. మూడో తీగ ఉత్తగా 'గ', ఒకటో మెట్టు 'మ', మూడో మెట్టు 'ప'. నాలుగో తీగ ఉత్తగా 'ద', రెండో మెట్టు 'ని', మూడో మెట్టు పై 'స'. అయిపోయింది. ఎనిమిది చోట్లు! అంట్లు తోముతున్న అమ్మ కూడా వంటింట్లోంచి విని నేర్చుకోవచ్చు.

మెట్టు అన్నాను చూశారా, ఆ మాట నా సొంతం కాదు. మన వీణకున్నవి మెట్లే, కిన్నెరకున్నవీ మెట్లే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు పత్రికలన్నీ ఆ మాటే రాశాయి. ఎంత మంచి మాట! ఎక్కేదీ మెట్టే, నొక్కేదీ మెట్టే. స నుంచి రికి రెండు మెట్లు, రి నుంచి గకి రెండు, గ నుంచి మకి ఒక్కటే. తరవాత రెండు, రెండు, రెండు. చివర ని నుంచి పై సకి మళ్ళీ ఒక్కటి. ఆ రెండుచోట్ల ఇరుకు, మిగతాచోట్ల వెడల్పు. ఈ ఇరుకూ వెడల్పుల పేరే స్కేలు. అంకెలు కాదు. అంకెలు మారిపోతాయి, దూరాలు మారవు.

మారిపోతాయని ఎందుకంటున్నానో చెబుతాను. మొన్నామధ్య ఒక బడి వార్షికోత్సవంలో ప్రార్థన గీతానికి ఒక పిల్ల యూకులేలే వాయించింది, ఇంకో పిల్ల పాడింది. పాడే పిల్లకు ఆరోజు గొంతు పట్టేసింది. పాపం, రోజూ పాడే శ్రుతి అందక కాస్త కిందినుంచి ఎత్తుకుంది. వాయించే పిల్ల కాగితంలోని అంకెల్నే వాయించింది. అది ఒకదారి, ఇది ఒకదారి. మూడు నిమిషాలపాటు ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఏం తప్పు జరిగిందో తెలియక, కళ్ళలో నీళ్ళు తిరుగుతూ పాట ముగించారు. సభంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఆ పిల్లల్ని అంకెలిచ్చి నడివీధిలో వదిలేసిన పెద్దమనిషిని పిలిచి నాలుగు మాటలు అడగాలనిపించింది. స్కేలు వచ్చిన పిల్లయితే పాడేదాని 'స' ఎక్కడుందో చెవితో పట్టుకుని, తన 'స'ను అక్కడికి జరుపుకునేది.

అంతెందుకు, జనగణమన తీసుకోండి. 1911లో కలకత్తా కాంగ్రెసు సభలో మొదటిసారి పాడిన పాట అది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మన మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళు వుండి దాన్ని పాడి వినిపిస్తే, ప్రిన్సిపాలు గారి భార్య మార్గరెట్ కజిన్స్, పాశ్చాత్య సంగీతం తెలిసిన మనిషి, కూర్చుని స్వరలిపి రాసింది. ఆ పాట చాలావరకు మనం చెప్పుకుంటున్న ఈ ఎనిమిది చోట్లలోనే నడుస్తుంది. ఒకచోట మధ్యమం ఒక మెట్టు పైకి జరుగుతుంది, అదొక్కటే తేడా. అంటే మన పిల్లలు రోజూ పొద్దున బడి ఆవరణలో ఎండలో నిలబడి పాడుతున్నది మేజర్ స్కేలే! ఎవరూ చెప్పరు గనక వాళ్ళకు తెలియదు. సరే, ఆ పాటను యూకులేలే మీద వాయించబోతే మొదట్లోనే ఒక చిక్కుంది. బాణీ ఒకచోట 'స' కన్నా కిందికి, మంద్ర నిషాదానికి దిగుతుంది. మనమేమో ఉత్త తీగనే 'స' అనుకున్నాం. దానికి కింద ఇక స్వరమే లేదు, బాయికి అడుగు తగిలేసింది! అంకెల పిల్ల అక్కడ ఆగిపోతుంది. స్కేలు పిల్ల ఆగదు. రెండో తీగ రెండో మెట్టును 'స' చేసుకుంటుంది. ఒకటో మెట్టు మీద మంద్ర నిషాదం కూర్చునే వుంటుంది. ఇప్పుడు అంకెలన్నీ తారుమారయ్యాయి. ఇంతకుముందు సున్నా, రెండు, సున్నా, ఒకటి అంటూ పోయింది కాస్తా, రెండు, నాలుగు, రెండు, మూడు అంటూ పోతుంది. పాట మాత్రం వెంట్రుకవాసి మారదు.

ఈ మేజర్ స్కేలుకు మన పేరు చెబితే మీరంతా తెలుసుననే అంటారు. శంకరాభరణం! డెబ్బైరెండు మేళకర్తల్లో ఇరవై తొమ్మిదోది, ధీరశంకరాభరణం. 1980లో విశ్వనాథ్ గారి సినిమా వచ్చినప్పట్నించీ ఆ పేరు తెలియని తెలుగు ఇల్లు లేదు. చీరలకు పెట్టుకున్నాం, హోటళ్ళకు పెట్టుకున్నాం. ఆ ఏడు మెట్లూ ఎక్కి దిగమంటే మాత్రం వందమందిలో తొంభైమంది దిక్కులు చూస్తారు. పూర్వం తంజావూరు ఆస్థానంలో శంకరాభరణం నరసయ్య అని ఒక విద్వాంసుడుండేవాడట. ఆ రాగం పాడటంలో అంతటివాడు గనకే ఇంటిపేరు అలా స్థిరపడింది. డబ్బుకు కటకటలాడి, ఆ రాగాన్నే ఒక సంపన్నుడి దగ్గర తాకట్టు పెట్టి, బాకీ తీరేదాకా దాన్ని పాడనని మాటిచ్చాడని కథ చెబుతారు. బంగారం తాకట్లు, వడ్డీ చిట్టీలు మా కార్మికుల ఇళ్ళలో కొత్త కాదు. కాని ఈ తాకట్టు ముందు అవన్నీ దిగదుడుపే. నరసయ్య తన దగ్గరున్నదాన్ని తాకట్టు పెట్టాడు. మనం పిల్లల చేతికి అసలు ఇవ్వకుండానే తాకట్టు పెట్టేస్తున్నాం, అదీ నాలుగు పాటలకి!

ఇదే సంగతి పక్కింటావిడతో అంటే ఆవిడ అంది కదా: "అక్కా, మా పిల్ల ఏమన్న సంగీతం టీచరైతదా? స్టేజీ మీద ఒక్క పాట కొడితె సాలు గద. ఉత్త సరిగమలు కొట్టుమంటె వారం దినాలల్ల మూలకు పడేస్తది."

న్యాయంగానే కనిపించే మాట. కాని ఆవిడ పిల్ల నాలుగు పాటలు పూర్తయ్యాక ఆ వాద్యాన్ని మూలకే పడేసింది! ఎందుకు పడెయ్యదు? ఐదో పాట కావాలంటే మళ్ళీ ఫీజు కట్టాలి, మళ్ళీ కాగితం రావాలి. తనంతట తాను ఏదీ వాయించలేదు. ఎవరో కీ ఇస్తే గంతులేసే బొమ్మతో ఎన్నాళ్ళు ఆడుకుంటుంది? విసుగు సరిగమల్లో లేదు. నేర్పేవాడు విసుగ్గా నేర్పితే జోలపాట కూడా విసుగ్గానే వుంటుంది.

ఇంకొందరు బాలుగారిని అడ్డం పెట్టుకుంటారు. "బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతం నేర్చుకోకుండానే శంకరాభరణం పాటలు పాడి జాతీయ అవార్డు కొట్టలేదా?" అని. కొట్టారు. కాని ఆయన నాన్న సాంబమూర్తిగారు హరికథకులు. పుట్టిన దగ్గర్నించీ చెవిలో పడుతున్నదేమిటి మరి? గురువు ముందు కూర్చోకపోతే నేర్చుకోనట్టేనా? అలాంటి చెవి వున్నవాడికి పాఠం అక్కర్లేకపోవచ్చు. మూడు షిఫ్టుల ఇంట్లో, నాన్న పగలు నిద్రపోతున్నాడని టీవీ కూడా గట్టిగా పెట్టని ఇంట్లో పెరిగే పిల్లకు ఎవరో ఒకరు ఆ చెవి ఇవ్వాలి గదా. మహానుభావుల పేర్లు చెప్పి మామూలు పిల్లల అన్నంలో మన్ను కొట్టడం ఏం మర్యాద?

ఇక అటువైపు నుంచి వచ్చే పండితులున్నారు. వీళ్ళకు ఆ వాద్యమే గిట్టదు. "తెల్లవాళ్ళ ఆటబొమ్మ. దానిమీద గమకం పలుకుతుందా? నేర్చుకుంటే మాయామాళవగౌళలో సరళీ వరసలు నేర్చుకోవాలి గాని" అంటారు. గమకం విషయంలో వాళ్ళ మాట నిజం. మీటగానే నాదం చచ్చిపోతుంది, దానిమీద శంకరాభరణం రాగాలాపన చెయ్యమంటే కుదరదు. మెట్లు ఎక్కినంత మాత్రాన రాగం రాదు కూడాను. కాని మెట్లే ఎక్కనివాడికి రాగం ఎక్కణ్ణించి వస్తుంది? మాయామాళవగౌళ కావాలంటే రి, ద లను ఒక్కొక్క మెట్టు కిందికి దించండి, అదీ ఇందులోనే వుంది.

తెల్లవాళ్ళ బొమ్మ అన్నమాటకు మాత్రం నేనొప్పుకోను. 1879లో మదీరా అనే పోర్చుగీసు దీవి నుంచి హవాయికి చెరకుతోటల్లో పనికోసం జనం ఓడెక్కి వెళ్ళారు. పొట్ట చేతపట్టుకు పోయినవాళ్ళు వెంట తీసుకుపోయిన చిన్న తీగవాద్యమే అక్కడ యూకులేలే అయింది. ఆ ఓడలో వెళ్ళిన వడ్రంగులే దాన్ని చేసి అమ్మారు. కుక్క ఒంటిమీద ఎగిరి దూకే పురుగు అని హవాయి భాషలో దాని పేరుకు అర్థం చెబుతారు. కూలిజనం సరుకు అది! పొట్టకూటికోసం ఏ వూరినుంచో వచ్చి తట్టా చెమ్మస్ పట్టినవాళ్ళ మనవలకు దానిమీద హక్కు లేకపోతే ఇంకెవరికుంది? అయినా బయటినుంచి వచ్చిందల్లా అంటరానిదైతే ఫిడేలును ఏం చేద్దాం? ముత్తుస్వామి దీక్షితార్ అంతటివాడు ఇంగ్లీషు బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టాడు. నొట్టుస్వరాలంటారు. వాళ్ళ రాజగీతం బాణీని కూడా వదల్లేదు. అన్నీ ఈ శంకరాభరణం మెట్ల మీదే. 1835లో పోయిన దీక్షితార్‌కు లేని మడి ఇప్పుడు మనకెందుకో!

చెవి, చెవి అని ఇంతగా ఎందుకు సాధిస్తున్నానంటే, ఈ వూరు చెవిమీద బతికిన వూరు. భూగర్భ గనిలో సర్దారు చేతిలో ఒక కర్ర వుంటుంది. మనుషుల్ని పనిలోకి దించేముందు దానితో పైకప్పును కొట్టి వింటాడు. ఖంగుమంటే గట్టిగా వుంది. బోలుగా మోగితే పొర వదులైంది, ఎవరూ దానికింద నిలబడకూడదు. అది ఏ కాగితం మీదా అంకెల్లో రాసి వుండదు. ఆ రెండు చప్పుళ్ళ తేడా తెలియకపోతే సాయంత్రం ఇంటికి మనిషి రాడు. కొత్తగా చేరినవాణ్ణి శిక్షణ లేకుండా బాయిలోకి దింపరు కూడా. అక్కడ "నెలరోజుల్లో నాలుగు చప్పుళ్ళు" అని ఎవరూ బోర్డు కట్టలేదు.

మా వరసలోనే రిటైరైన సర్దారు ఒకాయన వున్నాడు. ఎండాకాలం సెలవుల్లో పక్కింటి పిల్లా, నేనూ మా అరుగుమీద కూర్చుని స్కేలు ఎక్కి దిగుతుంటే, గేటు దగ్గర నిలబడి విన్నాడు. ఆరోజు ఎంత వాయించినా ఎక్కడో వెగటుగా వుంది. "బిడ్డా, ఆ నడిమి తీగె జరంత దిగింది, బిగియ్యి" అన్నాడు. బిగించి చూస్తే నిజమే. "తాతా, నీకు సంగీతం వచ్చా?" అంది పిల్ల. "సంగీతమా పాడా! ముప్పై ఏండ్లు రూఫు సప్పుడు ఇన్న" అని వెళ్ళిపోయాడు.

మేం చేసింది పెద్ద సాధనేమీ కాదు. రోజూ పావుగంట. ముందు గొంతుతో పాడటం, తరవాత తీగమీద వెతకడం. వేళ్ళు చూడకుండా ఎక్కి దిగడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఆ తరవాత ఒక ఆట పెట్టుకున్నాం. ఒకరు స వాయించి, దాని వెంట ఇంకో స్వరం వాయిస్తే రెండోవాళ్ళు చూడకుండా అది ఏదో చెప్పాలి. పిల్ల నన్ను చిత్తుగా ఓడించేది. అదీ పన్నెండేళ్ళ చెవి అంటే!

బతుకమ్మ వచ్చింది. ఆ పిల్ల నానమ్మ ఒక పాట పాడుతుంది. పుట్టినూరి పాట. ఆ వూరిప్పుడు లేదు, ఓపెన్‌కాస్టు గుంతలో కలిసిపోయింది. అక్కడి ఆడవాళ్ళు తలా ఒక దిక్కు పోయారు. చప్పట్ల చుట్టూ నాలుగైదు స్వరాల్లో తిరిగే చిన్న బాణీ. కాని మధ్యలో ఒకచోట ఇలా ఒరిగి అలా లేస్తుంది. ఆ ఒరుగు నేనింకెక్కడా వినలేదు. ఏ ఫోనులోనూ దానికి అంకెలు లేవు. నెలకు నాలుగు పాటలమ్మే ఏ మాస్టరూ దానికి కాగితం రాయడు. పిల్ల తీగలమీద వెతుక్కోవడం మొదలుపెట్టింది. ముసలమ్మ పూలు పేరుస్తూనే, "గట్ల కాదే, జర కిందికి... ఇంకింత... ఆఁ, గిప్పుడు మీదికి రా" అంటూ దిద్దింది. మూడోనాటికి మొదటి చరణం దొరికింది. ఒరుగుతో సహా.

"అక్కా, గీ పాట వార్షికోత్సవంల పెట్టనిస్తరా?" అని తల్లి నన్నడిగింది. పెట్టనివ్వకపోతే మానె అన్నాను. ముసలమ్మకు అలాంటి పాటలింకా ఎన్నొచ్చునో మేం లెక్కపెట్టలేదు. ఆవిడకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు.